బండి ఆగిన చోటెల్లా ఊరవుతుందా?

మా ఊరికి రెండు పేర్లు. పురపాలక సంఘము కాగితములలో బల్లార్‌పూరు. రైల్వే వారి పట్టికలో బల్లార్షా. తెలుగునాటి నుండి కాశికో ఢిల్లీకో ప్రయాణము చేసినవారిలో బల్లార్షా పేరు విననివారు అరుదు. బల్లార్‌పూరు అన్నామా, "అది ఎక్కడ ఉన్నదండీ?" అని అడుగుతారు. వారి లెక్కలో మాది ఊరు కాదు. బండి కాస్త ఎక్కువసేపు నిలిచే తావు. సీసాలో నీళ్ళు నింపుకొనుటకు, భోజనపు పొట్లము అందుకొనుటకు, పోయేటప్పుడు "ఇక మన భాష వినబడదు" అని నిట్టూర్చుటకు, వచ్చేటప్పుడు "హమ్మయ్య, ఇల్లు చేరినట్లే" అని కాళ్ళు చాపుకొనుటకు ఏర్పడిన తావు. ప్లాటుఫారము గోడకు ఆవల మనుష్యులు కాపురము చేయుచున్నారనీ, అందులో తెలుగు మాట్లాడే ఇండ్లు చాలా ఉన్నవనీ కిటికీ దగ్గర కూర్చున్నవారికి తోచదు. తోచలేదని వారిని నిందించి ప్రయోజనము లేదు. స్టేషను ఊరికి వీపు తిప్పి నిలుచున్నప్పుడు బండిలోని వారికి ఊరి ముఖము ఎట్లు కనబడుతుంది?

సంఘము వారు ఈ సంచికకు ఏదైనా వ్రాయుమని కోరినప్పుడు మాకు ఈ మాటే మనసులో మెదలినది. మేము పండితులము కాము. ముప్పది యేండ్లకు పైగా ఒక కార్యాలయములో నక్షాలు గీసి, ఇతరులు గీసిన నక్షాలలో తప్పులు దిద్ది, విశ్రాంతి పొందినవారము. కావున నక్షాను గురించియే వ్రాయగలము. అది మేము గీసినది కాదు. మా మనుమరాలు గీసినది.

ఆ పిల్ల పుణెలో భవన నిర్మాణ శాస్త్రము చదువుచున్నది. చివరి సంవత్సరములో ప్రతి విద్యార్థియు ఒక పెద్ద కట్టడమును ఊహించి, నేల కొలతలతో సహా రూపకల్పన చేయవలెనట. సంక్రాంతి సెలవులకు వచ్చి, ముగ్గులు ఇంకా ఆరకముందే, మా మంచము మీద బారెడు కాగితము పరచినది.

"ఏమిటమ్మా ఇది?" అన్నాము.

"మన ఊరికి బుల్లెట్ రైలు స్టేషను, తాతా!" అన్నది.

ఆ పిల్ల ఊహకు ఆధారము లేకపోలేదు. 2014లో కేంద్ర ప్రభుత్వము వారు వజ్ర చతుర్భుజము అను పేర మహానగరములను కలుపు అతివేగ మార్గములను తలపెట్టినారు. అందులో ఢిల్లీ–చెన్నై ఒక భుజము. ఆ పిమ్మట నాగపూరు–సికింద్రాబాదు పాత మార్గమును గంటకు 200 కిలోమీటర్ల వేగమునకు సిద్ధము చేయవచ్చునా అని రష్యా రైల్వేల నిపుణులతో పరిశీలన జరిపించినారు. ఆ దారి మా ఊరి మీదుగానే పోవుచున్నది. ఇవి కాగితము మీది మాటలే. అయినను విద్యార్థికి అంతకంటె ఏమి కావలెను?

కాగితము మీద స్టేషను గాజు పక్షివలె రెక్కలు చాచి ఉన్నది. దాని చుట్టును ఇరువది, ముప్పది అంతస్తుల మేడలు. "దీనిని మిశ్రమ వినియోగము అంటారు తాతా. క్రింద దుకాణములు, నడుమ కార్యాలయములు, పైన కాపురములు. బండి దిగినవాడు నడిచి పనికి పోవును, నడిచి ఇంటికి వచ్చును" అని వివరించినది. మాకు నవ్వు వచ్చినది. "మన బజారు వీధిలో కోమటి శెట్టి క్రింద దుకాణము, పైన కాపురము పెట్టుకొని మూడు తరములు గడిపినాడు గదా. ఇది మీ కాలేజీలో ఈనాడు కనిపెట్టినారా?" అన్నాము. పిల్ల అలిగినది కాని, ఆ మాటను పుస్తకములో వ్రాసుకొన్నది.

"ఇంతకూ ఇది ఎక్కడ?" అని అడిగితిమి. చంద్రపూరుకును మా ఊరికిని నడుమ ఖాళీ నేలలో అన్నది. రెండు స్టేషనుల నడుమ దూరము పదిహేను కిలోమీటర్లకు లోపే. గంటకు 300 కిలోమీటర్లు పోవు బండి అంత దగ్గరలో రెండుసార్లు ఆగదు. ఒక్కచోటనే ఆగవలెనన్నచో, ఎవరి ఇల్లును పడగొట్టకుండ, నేల చౌకగా దొరకు బయలులో కట్టుట మంచిది గదా అని వారి ఉపాధ్యాయులు సూచించినారట. ఎవరి ఇల్లును పోదన్న మాట మా చెవికి ఇంపుగా తాకినది. మా ఇల్లు స్టేషనుకు పిలుపు దూరములో ఉన్నది. "భేషు!" అన్నాము.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏదో పొరపాటు జరిగినదని తోచినది. మా ఊరు ఎట్లు పుట్టినదో నెమరు వేసికొన్నాము.

మా ఊరికి పునాది పదునైదవ శతాబ్దమునాటి గోండు రాజు ఖాండ్క్యా బల్లాల షా. సిర్పూరు విడిచి వార్ధా నది గట్టున కోట కట్టించి, దీనిని రాజధాని చేసినాడని చెప్పుకొంటారు. రాజు తరువాత చంద్రపూరుకు తరలిపోయినాడు. కోట గోడలు మాత్రము ఏటి గట్టున మిగిలినవి. ఊరికి రెండవ పునాది రైలు. వార్ధా నుండి వచ్చిన లైను ఇక్కడ ముగిసెడిది. ఏటికి ఆవల నిజాము రాజ్యము. నేటి రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో, ఆదిలాబాదు జిల్లాలో ఉండెడిది. నిజాము రైల్వే వారు కాజీపేట నుండి బల్లార్షాకు లైను వేయుటతో 1929 నాటికి మద్రాసుకు, ఢిల్లీకి సూటిగా దారి ఏర్పడినది. ఆ సంవత్సరమే గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదలైనది. రెండు రైల్వేల హద్దు మా ఊరైనది. నేటికిని మధ్య రైల్వే, దక్షిణ మధ్య రైల్వే ఇక్కడనే కలిసికొనుచున్నవి.

మూడవ పునాది పని. ఏటికి ఇరువైపుల బొగ్గు గనులు, అడవినుండి వచ్చు టేకు, 1945లో స్థాపితమైన కాగితపు మిల్లు సంస్థ. ఈ పనుల కొరకు తెలుగు పల్లెలనుండి జనము బండి ఎక్కినారు. మా నాయనగారు కరీంనగరము జిల్లా పల్లెనుండి ఒక రేకు పెట్టెతో ఈ ప్లాటుఫారము మీద దిగినారు. మొదటి మూడు రాత్రులు స్టేషనులోనే పడుకొన్నారట. ఉదయము మిల్లు గేటుకు నడిచి పోవుట, రాత్రి వచ్చి ప్లాటుఫారము చివర అన్నము వండుకొనుట. నాలుగవ నాడు తోటి పనివాడు ఒకడు తన గుడిసెలో చోటిచ్చినాడు. అనగా ఆయనకు ఈ ఊరిలో మొదటి ఇల్లు స్టేషనే. అది ఊరికి ఐదు మైళ్ళ దూరమున బయలులో ఉండి ఉంటే ఆయన నాలుగవ నాడు ఎక్కడికి నడిచిపోవును?

తెల్లవారగానే మనుమరాలిని లేపి, "పద, స్టేషనుకు పోదము" అన్నాము.

ముందుగా గోడలమీది చిత్రములు చూచినాము. తాడోబా అడవి, పెద్దపులులు, గిరిజనుల కళ. ఆ అలంకారమునకే 2018లో రైల్వే మంత్రిత్వశాఖ జరిపిన పోటీలో బల్లార్షా, చంద్రపూరు స్టేషనులకు ప్రథమ బహుమతి వచ్చినది. మేమందరము గర్వపడినాము. ఆ తరువాత పాదచారుల వంతెన వద్దకు పోయి నిలుచున్నాము. 2022 నవంబరు 27 సాయంత్రము ఈ స్టేషనులో వంతెన పలక ఊడిపోయి మనుష్యులు పట్టాల మీద పడినారు. ఒక స్త్రీ మరణించినది. పదిమందికి పైగా గాయపడినారు. బహుమతి పొందిన గోడలు చెక్కు చెదరలేదు. "అమ్మాయీ, స్టేషనుకు గోడ ముఖము, వంతెన వెన్నెముక. నీ నక్షాలో వంతెన ఎక్కడ?" అని అడిగితిమి. గాజు రెక్కల క్రింద ఎక్కడో ఒక సన్నని గీత చూపినది.

పట్టాలకు ఇరుపక్కల ఊరున్న చోట వంతెన ప్రయాణికులకు మాత్రమే కాదు. బడికి పోవు పిల్లవాడు, కూరగాయల గంప ఎత్తుకొన్న అవ్వ, షిఫ్టు దిగిన కార్మికుడు, అందరికిని అదే వీధి. టిక్కెట్టు లేకుండ, మెట్లు ఎక్కలేనివారికి కూడ ఇబ్బంది లేకుండ, ఈ గట్టునుండి ఆ గట్టుకు పోగలిగిన వెడల్పాటి వంతెన ఉన్నచో పట్టాలు ఊరిని చీల్చవు, కుట్టివేయును.

ప్లాటుఫారము చివర పదునైదు ఇరువది కుటుంబములు మూటలతో కూర్చుని ఉన్నవి. గిన్నెలు, దుప్పట్లు, చంకలో పిల్లలు. చంద్రపూరు, గడ్చిరోలీ జిల్లాల పల్లెలనుండి తెలంగాణ తోటలలో మిరప ఏరుటకు ఏటేటా పోవు కూలీలు వారు. మన పెద్దలు పని కొరకు ఇటు వచ్చినారు. వీరు పని కొరకు అటు పోవుచున్నారు. అదే పట్టాలు, అదే మూటలు. ఒక స్త్రీని, "ఎప్పుడు వచ్చినావమ్మా?" అని అడుగగా, "నిన్న మాపటికే" అన్నది. రాత్రి పల్లెకు బస్సు లేదు, తెల్లవారి బండి అందదు. కావున ముందునాడే వచ్చి ఇక్కడ పడుకొనవలెను. మనుమరాలు చాలసేపు వారిని చూచి, "నా స్టేషనులో కూర్చొనుటకు కొనుగోలుదారులకు తప్ప చోటు లేదు తాతా" అన్నది. ఆ మాట తానే అన్నది, మేము అనలేదు.

ఇంటికి వచ్చిన పిమ్మట ఆ పిల్ల లోకములోని స్టేషనుల కథలు చెప్పినది. మేము శ్రద్ధగా విన్నాము.

వేగము పెరిగినకొలది పట్టాలు వంగుటకు ఇష్టపడవు. 1964 అక్టోబరు 1న జపానులో టోక్యో–ఒసాకా మార్గము మొదలైనప్పుడు గంటకు 210 కిలోమీటర్ల వేగమునకు ప్రధాన మార్గములో మలుపుల వ్యాసార్ధము 2,500 మీటర్లకు తగ్గరాదని నిర్ణయించినారట. వేగము ఇంకను హెచ్చితే మలుపు ఇంకను విశాలము కావలెను. అట్టి బండి పాత బజారు సందులలోనికి మెలికలు తిరిగి రాలేదు. కావుననే వారు యోకోహామా నగరపు నడిబొడ్డుకు దూరముగా పొలాల వైపు క్రొత్త స్టేషను కట్టి షిన్-యోకోహామా అన్నారు; షిన్ అనగా క్రొత్త. అక్కడ నేడు మేడలు, క్రీడా మైదానములు, కార్యాలయములు ఉన్న మాట నిజమే. కాని ఆ మార్గములోని బండ్లన్నియు అక్కడ ఆగుట 2008లో గాని జరుగలేదట. నలువది నాలుగేండ్లు! అదియును యోకోహామా వంటి మహానగరము ప్రక్కన ఉండగా.

ఫ్రాన్సులో రెండు కథలున్నవి. పారిస్ నుండి ఉత్తరమునకు అతివేగ మార్గము వేసినప్పుడు అమియాఁ, సాఁ కాంతాఁ అను రెండు పట్టణముల నడుమ, ఇరువురికిని న్యాయము చేసినట్లుగా, పొలాలలో ఒక స్టేషను 1994లో కట్టినారు. అక్కడికి మామూలు రైలు లైను లేదు. చుట్టును బీటు దుంపల చేలు. జనము దానికి 'బీటు దుంపల స్టేషను' అని పేరు పెట్టినారు. అదే మార్గము మీది లీల్ నగరములో మేయరు పియేర్ మొరువా పట్టుబట్టి లైనును నగరము నడుమకు తెప్పించినాడు. ఆయన అంతకు పూర్వము ఆ దేశమునకు ప్రధానమంత్రిగా ఉన్నవాడు. పాత స్టేషను నుండి నడిచిపోదగిన దూరములో క్రొత్త స్టేషను, రెంటి నడుమ రెమ్ కూల్‌హాస్ అను శిల్పి ప్రణాళిక ప్రకారము కార్యాలయములు, అంగళ్ళు, కాపురములు వెలసినవి. బట్టల మిల్లులు మూతపడి దిగులుగా ఉండిన ఊరికి అది మరల ఊపిరి పోసినదట.

"ఇవి తెలిసియుండియు నీవు బీటు దుంపల స్టేషను ఎందుకు గీసినావు?" అన్నాము. పిల్ల తల వంచుకొన్నది.

అన్నింటికంటె మా మనసుకు హత్తుకొన్న కథ జపాను వ్యాపారి కొబయాషి ఇచిజోది. ఆయన 1910లో ఒసాకా నుండి పల్లెల వైపు చిన్న రైలు వేసి, ప్రయాణికులు లేరని దిగులుపడక, దారి వెంట నేల కొని ఇండ్లు కట్టి, ఉద్యోగులకు వాయిదాల మీద అమ్మినాడు. లైనుకు ఒక కొసను వినోదశాల, మరియొక కొసను 1929లో స్టేషనుకు ఆనుకొని పెద్ద అంగడి పెట్టినాడు. రైలు వచ్చుటచే నేల విలువ పెరుగును. ఆ పెరిగిన విలువ రైలును పోషించును. నేడు మన దేశములో గాంధీనగరు స్టేషను మీద హోటలు కట్టుటకును, భోపాలులో స్టేషనును క్రొత్తగా కట్టుటకును మూలము ఈ లెక్కయే. ఆ అంగడి భోజనశాలను గురించి ఒక ముచ్చట చెప్పుకొంటారు. ఆర్థికమాంద్యపు రోజులలో కొందరు చేతిలో డబ్బు లేక, వట్టి అన్నము మాత్రము కొని, బల్లమీది ఉచితపు సాసు కలుపుకొని తినెడివారట. పనివారు విసుగుకొన్నారు. కొబయాషి మాత్రము, 'వట్టి అన్నము కొనువారికి స్వాగతము' అని ప్రకటన పెట్టించినాడట. నేడు వీరు పేదలు; రేపు పెండ్లాడి, బిడ్డలతో ఇక్కడికే వచ్చెదరని ఆయన నమ్మకము.

ఆ కథ విన్నప్పుడు మాకు ప్లాటుఫారము చివర అన్నము వండుకొన్న మా నాయనగారు కళ్ళయెదుట నిలిచినారు.

2024 సెప్టెంబరు 16న మొదలైన నాగపూరు–సికింద్రాబాదు వందే భారత్ బండిని చూచుటకు మేమును ప్లాటుఫారము మీదికి పోయినాము. ఏడుంబావు గంటలలో గమ్యము చేరు ఆ తెల్లని బండి మా ఊరిలో ఆగుట సంతోషమే. కాని ఇరువది పెట్టెలతో మొదలైన ఆ బండిని, నిండుట లేదని 2025లో ఎనిమిది పెట్టెలకు తగ్గించినారు. వేగము వలదని మేము అనము. రోగిని హైదరాబాదు ఆసుపత్రికి చేర్చవలసిన వానికి గంట విలువ తెలియును. కాని బండి వేగము చాలదు. బండి దగ్గరకు పోవుటకు దారి, బండి ఎక్కుటకు స్తోమతు, బండి దిగినచోట పని ఉండవలెను. ఇవి ఊరు ఇయ్యవలసినవి. ఊరు లేనిచోట స్టేషను ఎవరికి?

మనుమరాలు పుణెకు వెళ్ళిపోయినది. ఉగాదికి రెండవ నక్షాతో వచ్చినది. ఈసారి స్టేషను మా పాత జంక్షనుకు ఆనుకొని ఉన్నది. క్రొత్త లైను ఊరి అంచున తిన్నగా పోవుచుండగా, పాత పట్టాలకు దానికి నడుమ కప్పు గల వెడల్పాటి వీధివంటి వంతెన వేసినది. గాజు రెక్కలు పోయినవి. 47 డిగ్రీలు దాటిన ఎండలు చూచిన ప్రాంతములో గాజు మేడ కుంపటి యగునని తెలిసికొని, లోతైన చూరులు, గాలి ఆడు జాలీలు, మా అడవి టేకు స్తంభములు పెట్టినది. ముందునాడు వచ్చి పడుకొనువారికి నీటి కుళాయిలు, వంట అరుగులు, స్త్రీలకు తలుపు గల గది. అంగళ్ళలో కొన్ని చిన్న వర్తకులకు తక్కువ అద్దెకు. మేడలు మాత్రము ఉన్నవి. పండ్రెండు అంతస్తులకు తగ్గినవి.

"ఇవి ఎందుకమ్మా? మన ఊరికి మూడంతస్తులు చాలవా?" అన్నాము.

"తాతా, ఆ మేడల అద్దె లేకపోతే ఈ అరుగులకు డబ్బు ఎక్కడిది? పై అంతస్తు వాడు క్రింది వంతెనకు బాకీ తీర్చుచున్నాడు" అన్నది. మా నోరు మూతపడినది. ముప్పది యేండ్లు గీతలు గీసిన మాకు ఈ లెక్క తోచలేదు.

ఆ పిమ్మట మా కన్ను అలవాటు చొప్పున మా వీధిని వెదకినది. మా ఇల్లున్న చోట బస్సులు నిలుచు ఆవరణ ఉన్నది. మా నాయనగారు జీతములో మిగిల్చి కట్టిన రెండు గదులు, మేము చేర్చిన వసారా, మీ నాయనమ్మ నాటిన వేపచెట్టు, అన్నియు ఆ ఆవరణ క్రిందికి పోయినవి. మా నోటనే 'ఊరిలోనికి తెమ్ము' అనిపించుకొని, మా ఇంటిమీదికే తెచ్చినది. పిల్ల మా ముఖము చూడలేక కాగితము మడవబోయినది.

"ఉండనీ" అన్నాము.

"వేరేచోట సరిపోలేదు తాతా. బస్సు దూరమైతే ఆ మిరప కూలీలు మళ్ళీ రాత్రి స్టేషనులోనే పడుకోవాలి" అన్నది.

చాలసేపు మాటలాడలేదు. మా ప్రాంతమున ఒక కథ ఉన్నది. ఖాండ్క్యా రాజు వేటకు పోగా, నొసట తెల్లమచ్చ గల కుందేలు ఒకటి ఆయన వేటకుక్కను తరుముట చూచినాడట. ఇంటికి వచ్చి చెప్పగా రాణి, ఆ కుందేలు కుక్కను తరిమిన దారి వెంటనే కోట గోడ కట్టించుమని సలహా ఇచ్చినదట. అదియే చంద్రపూరు కోట అయినదని చెప్పుకొంటారు. వినుటకు వింత కథ. కాని దానిలోని బుద్ధి మాకు ఆనాడు తెలిసినది. రాణి గోడను తన ఇష్టము చొప్పున గీయలేదు. ప్రాణి పరుగెత్తిన జాడను పట్టుకొన్నది. మా మనుమరాలును కూలీల కాలిజాడను పట్టుకొన్నది. ఆ జాడ మా వాకిటిలోనుండి పోయినది. మేము కోరినదే గదా!

"అమ్మా, నీ ఆవరణ అక్కడనే ఉండనీ. ఒక్కటి మాత్రము వ్రాసికొనుము. ఎవరి ఇల్లు తీసికొందువో వారికి మొదటి ఇల్లు ఆ మేడలలోనే, ఆ వీధిలోనే ఇయ్యవలెను. ఊరి అవతల బయలులో కాదు. మేడ పూర్తియైన తరువాత కాదు. ఇల్లు పడగొట్టకముందే తాళపుచెవి చేతికి రావలెను. నష్టపరిహారపు కాగితములో నేల విలువ కట్టుదురు గాని, ఎవరి గుడిసెలో ఎవరు చోటిచ్చినారో దానికి విలువ కట్టరు. ఇరుగుపొరుగును విడదీయక ఒక్కచోట ఉంచితే ఆ విలువ దక్కును" అన్నాము.

పిల్ల వ్రాసికొన్నది. వేపచెట్టు గుర్తు వేసి, బస్సుల ఆవరణ నడుమ దానిని అట్లే ఉంచినది. చెట్టు చుట్టును ఒక అరుగు గీసినది. ఆ నక్షాకు మార్కులు ఎన్ని వచ్చినవో మేము అడుగలేదు.

సంఘ సోదరులారా, అట్టి స్టేషను మన కాలములో వచ్చునో రాదో చెప్పజాలము. కాని నేడు అమృత భారత్ పథకము పేరున దేశమున వందలకొలది పాత స్టేషనులను బాగుచేయ పూనుకొన్నారు. అందులో మన బల్లార్షాయు ఉన్నది. గోడకు ఏ రంగు వేయుదురని మనము అడుగుట మానుదము. వంతెన ఎంత వెడల్పు, రాత్రి కూర్చొనుటకు చోటు ఎక్కడ, ఇల్లు పోవువానికి ఇల్లు ఎక్కడ అని అడుగుదము. తెలుగువారమైన మనము ఈ ఊరికి అతిథులుగా వచ్చి ఇంటివారమైనాము. ఇక ముందు ఈ ప్లాటుఫారము మీద మూటతో దిగువానికి, వాని భాష ఏదైనను, నాలుగవ నాడు నడిచిపోవుటకు ఒక ఊరు ఉండునట్లు చూచుట మన వంతు.